అమ్మ ఫైల్లో ప్లేట్‌లెట్ల లెక్క

కిందటి ఏడాది శ్రావణమాసంలో రెండు మూడు రోజులపాటు కుడి డొక్కలో నొప్పి వస్తే, పిత్తాశయంలో రాళ్లేమైనా ఉన్నాయేమో చూద్దామని డాక్టరు గారు పొట్ట స్కానింగు రాశారు. రాజమహేంద్రవరంలో మా బ్యాంకు శాఖకు రెండు వీధుల అవతల ఉన్న స్కానింగు కేంద్రానికి పరగడుపున వెళ్లాను. చల్లటి జెల్లు పూసిన పొట్ట మీద ఆ చిన్న పరికరాన్ని అటూ ఇటూ జరుపుతున్న రేడియాలజిస్టు గారు ఒకచోట ఆగి, తెరను కొంచెం నా వైపు తిప్పారు. "ఇదిగోనమ్మా, ఇది మీ కాలేయం, దీని పక్కనున్నది కుడి మూత్రపిండం. మామూలుగా రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో కనబడాలి. మీ కాలేయం దానికంటే తెల్లగా ఉంది, చూశారా?" అన్నారు. చూశాను. మూత్రపిండం తడిసిన నల్లమట్టిలా ఉంటే, కాలేయం ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉంది. రాళ్లు లేవు. అరగంట తర్వాత చేతికి వచ్చిన రిపోర్టు చివరి వరుసలో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని ఉంది.

ఆ రిపోర్టు చూసిన వైద్యులు, ఈ రోజుల్లో ముగ్గురిలో ఒకరికి ఇది ఉంటోందనీ, కంగారు పడవలసింది ఏమీ లేదనీ, నూనె, నెయ్యి తగ్గించమనీ చెప్పి, కాలేయానికి బలమంటూ ఒక టానిక్కు రాసి పంపించారు. మావారు అక్కడికక్కడే ఊపిరి పీల్చుకున్నారు. నేను పీల్చుకోలేకపోయాను. మా అమ్మ కాలేయం చెడిపోయి వెళ్లిపోయిన మనిషి.

అమ్మ జీవితంలో మద్యం చుక్క ముట్టలేదు. కార్తీకమాసం నాలుగు సోమవారాలూ ఉపవాసం ఉండేది. నలభయ్యో ఏట షుగరు వచ్చింది. మనిషి మరీ లావు కాదు, నడుము దగ్గర మాత్రం నిండుగా ఉండేది. 2010లో కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి, ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఆమె వయసు 63. పొట్టలోంచి నీరు తీశారు. ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయని చెప్పారు. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ దశకు వచ్చేసింది. వార్డులో ఉన్న యువ వైద్యుడు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆవిడకు అలవాటు ఏమైనా ఉందా?" అని అడిగారు. ఆయన అడగవలసిన ప్రశ్నే అది, తప్పు పట్టను. అయితే ఆ మాట మంచం మీదున్న అమ్మ చెవిన పడింది. రెండేళ్ల తర్వాత కన్ను మూసేవరకూ, చూడటానికి వచ్చిన చుట్టాలందరికీ తన జబ్బు పేరు చెప్పకుండా "గ్యాస్ట్రబుల్" అనే చెప్పుకుంది. హెపటైటిస్ బి, సి పరీక్షలు చేశారు, లేవు. డిశ్చార్జి కాగితంలో జబ్బుకు ఎదురుగా "క్రిప్టోజెనిక్" అని రాశారు. కారణం అంతుపట్టనిది అని దాని అర్థం.

ఆ రోజుల్లో అలా రాసిన కేసుల్లో చాలావాటికి కారణం, ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని కొవ్వు కాలేయమేనని ఇప్పుడు వైద్యశాస్త్రం చెబుతోంది. చిత్రమైన సంగతి ఏమిటంటే, కాలేయం పూర్తిగా మచ్చకట్టే దశకు వచ్చేసరికి దానిలోని కొవ్వు కరిగిపోతుంది. జబ్బును తెచ్చిన కొవ్వు కనబడదు, అది మిగిల్చిన మచ్చ మాత్రం కనబడుతుంది. అందుకే అమ్మ విషయంలో కారణం దొరకలేదు. ఈ విషయం తెలుసుకున్నాక, నా రిపోర్టులోని "గ్రేడ్ 1" అనే మాటకు అసలు అర్థం ఏమిటో పూర్తిగా తేల్చుకోవాలని పట్టుబట్టాను. వేరే ఊళ్లో ఉన్న కాలేయ వైద్యుణ్ణి కలిశాను. ఆయన ఓపికగా చెప్పినదీ, తర్వాత నేను చదివి అర్థం చేసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. స్కానింగు కాగితం మడిచి బీరువాలో పెట్టేసిన వారి కోసం, ముఖ్యంగా తాగుడు ఎరుగని ఇళ్లలోని ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదట కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మనం తిన్న నూనె నేరుగా వెళ్లి కాలేయంలో పేరుకుంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. పరిశోధకులు లెక్క తీస్తే, ఈ జబ్బు ఉన్నవారి కాలేయంలోని కొవ్వులో దాదాపు 60 శాతం మన ఒంట్లోనే దాచుకున్న కొవ్వు నిల్వల నుంచి కరిగి రక్తంలోకి వచ్చినదనీ, ఇంకో 25 శాతం వరకు మనం తిన్న పిండిపదార్థాల నుంచీ చక్కెర నుంచీ కాలేయమే స్వయంగా తయారు చేసినదనీ, ఆహారంలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చినది సుమారు 15 శాతమేననీ తేలింది. దీని వెనక ఉన్నది ఇన్సులిన్. కణాల్లోకి చక్కెరను పంపడమే ఇన్సులిన్ పని అని మనం వింటూ ఉంటాం. దానికి ఇంకో పని కూడా ఉంది. కొవ్వు కణాలు తమ నిల్వను రక్తంలోకి వదలకుండా పట్టి ఉంచేది కూడా అదే. శరీరం ఇన్సులిన్ మాట వినడం తగ్గినప్పుడు ఆ పట్టు సడలి, కొవ్వు ఆమ్లాలు రాత్రింబవళ్లు కాలేయం వైపు పారుతూనే ఉంటాయి. మరోవైపు, ఆ లోటు పూడ్చడానికి క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ కాలేయాన్ని ఇంకా కొవ్వు తయారు చేయమని పురిగొల్పుతుంది. కాలేయం తట్టుకోలేక ఆ కొవ్వులో కొంత ట్రైగ్లిసరైడ్ల రూపంలో రక్తంలోకి పంపుతుంది. అందుకే కొవ్వు కాలేయం ఉన్నవారి రక్తపరీక్షలో ట్రైగ్లిసరైడ్లు పెరిగి, మంచి కొలెస్టరాల్ తగ్గి కనబడటం చాలా తరచు. షుగరు, రక్తపోటు, నడుము చుట్టుకొలత, కాలేయం అని మనం విడివిడిగా చెప్పుకుంటున్నవి నిజానికి ఒకే వేరుకు పుట్టిన కొమ్మలు.

లావుగా లేనివారికి ఇది ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు మన దేశంలోనే మంచి జవాబు ఉంది. పుణెకు చెందిన వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోతో ఒక చిన్న పత్రం ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువును చెప్పే లెక్క, సరిగ్గా ఒకటే, 22.3. అయితే ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉంది. మన దేశంలో సన్నగా కనబడే శరీరాలలో కండ తక్కువగా ఉండి, పొట్ట లోపల కొవ్వు ఎక్కువగా ఉంటుంది. అందుకే ఆసియా వాసులకు బీఎంఐ హద్దును 25 వద్ద కాకుండా 23 వద్దే గీశారు. దీనికి తోడు జన్యువుల పాత్ర కూడా ఉంది. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు కాలేయంలో కొవ్వు నిలిచిపోయేలా చేస్తుందని 2008లో కనిపెట్టారు. అమ్మకు ఉన్నదే నాకూ వచ్చిందా అన్నది నేను తేల్చుకోలేదు. కాలేయ వైద్యుడు, ఆ పరీక్ష వల్ల చికిత్స మారదు కాబట్టి అవసరం లేదన్నారు.

ఈ జబ్బుకు పేరు పెట్టడంలోనే ఒక చరిత్ర ఉంది. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన యుర్గెన్ లుడ్విగ్, అచ్చం తాగేవారి కాలేయంలాగే దెబ్బతిన్న కాలేయాలతో వచ్చిన 20 మంది రోగుల గురించి రాశారు. వారు తాగేవారు కారు, ఎక్కువమంది స్త్రీలు. ఆ పత్రం పేరులోనే ఆయన దీన్ని అంతవరకూ పేరు లేని జబ్బు అన్నారు. ఆయన పెట్టిన పేరులో, దాని నుంచి పుట్టిన పేర్లలో "మద్యం వల్ల కానిది" అన్న మాట ఉండేది. ఏది కాదో చెప్పే పేరు అది. జబ్బు ఏమిటో అది చెప్పదు. పైగా ఆ పేరులోనే మద్యం ప్రస్తావన ఉండటంతో అమ్మ లాంటి వాళ్లు ఎంత నలిగిపోయారో నేను కళ్లారా చూశాను. 2023 జూన్‌లో వివిధ దేశాల కాలేయ వైద్య సంఘాలు కలిసి పాత పేరును తీసేసి ఎంఏఎస్‌ఎల్‌డీ అని కొత్త పేరు పెట్టాయి. జీవక్రియ లోపంతో ముడిపడిన కొవ్వు కాలేయ వ్యాధి అని దాని తాత్పర్యం. పేరు మారితే ఏమొస్తుంది అని అనేవారు ఉన్నారు. నా మట్టుకు నాకు అది చిన్న విషయం కాదు. కొత్త పేరు చదివిన వైద్యుడు ముందుగా అడిగేది షుగరు గురించి, నడుము గురించి.

కొత్త నిర్వచనం కూడా సులువుగానే ఉంది. కాలేయంలో కొవ్వు ఉన్నట్టు తేలి, దానితోపాటు ఐదు లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా, మద్యం పరిమితిలోనే ఉండి, వేరే కారణం ఏదీ లేకపోతే ఇది ఆ జబ్బే. ఆ ఐదింటినీ నా మీదే లెక్కవేసుకుని చూశాను. మొదటిది బరువు లేదా నడుము. 155 సెంటీమీటర్ల ఎత్తుకు నా బరువు 59 కిలోలు, బీఎంఐ 24.6. నడుము విషయంలో మాత్రం నిర్ఘాంతపోయాను. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక టేపు పెట్టి కొలిస్తే 88 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశపు స్త్రీలకు హద్దు 80, పురుషులకు 90. ప్యాంటు వేసుకునే వారికి నడుము పెరిగితే గుండీ చెబుతుంది, చీర కట్టుకునే మాకు ఆ హెచ్చరిక ఉండదు. లోపావడా బొందు ఎంత పెరిగితే అంత వదులుతుంది. పదేళ్లలో నా నడుము ఎంత పెరిగిందో నాకు తెలియనే లేదు. రెండోది చక్కెర. పరగడుపున 100 గానీ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 గానీ దాటకూడదు, నాకు 6.1 ఉంది. మూడోది రక్తపోటు, 130/85 హద్దు. నాది 128/82, అంచున ఉంది. నాలుగోది ట్రైగ్లిసరైడ్లు, 150 హద్దు అయితే నాకు 212. ఐదోది మంచి కొలెస్టరాల్. స్త్రీలకు 50 పైన ఉండాలి, నాకు 38. ఒక్కటి ఉంటే చాలన్న చోట నాకు నాలుగు ఉన్నాయి. ఈ నాలుగింటిలో ఒక్కదాని గురించి కూడా, ఆ స్కానింగు రిపోర్టు చూసిన మొదటి రోజు నన్ను ఎవరూ అడగలేదు.

ఇక "గ్రేడ్" సంగతి. స్కానింగులో చెప్పే గ్రేడు కొవ్వు ఎంత ఉందన్న దానికి ఒక అంచనా మాత్రమే, అది కూడా కంటి చూపుతో వేసిన అంచనా. కాలేయ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు చేరితే చాలు, జబ్బు కింద లెక్క, కానీ మామూలు స్కానింగు దాదాపు 20, 30 శాతం చేరేదాకా దాన్ని నమ్మకంగా పట్టుకోలేదు. అసలు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. కాలేయం భవిష్యత్తును నిర్ణయించేది కొవ్వు కాదు, మచ్చ. కొవ్వు వల్ల కణాలు వాచి, చచ్చి, ఆ చోట పీచులాంటి మచ్చ కణజాలం ఏర్పడటాన్ని ఫైబ్రోసిస్ అంటారు. దాన్ని సున్నా నుంచి నాలుగు దాకా దశలుగా చెబుతారు, నాలుగో దశే సిర్రోసిస్. గ్రేడ్ 3 కొవ్వు ఉన్నా మచ్చ ఏమాత్రం లేనివారు ఉన్నారు. గ్రేడ్ 1 అని రాసి ఉన్నా లోపల మచ్చ మూడో దశకు చేరినవారూ ఉన్నారు. గ్రేడును, దశను ఒకటే అనుకుని నిశ్చింతగా ఉండిపోవడమే ఈ జబ్బులో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు అని నా గట్టి అభిప్రాయం. కాలేయం లోపల నొప్పి తెలిపే నరాలు లేవు, దాని పైపొరకు మాత్రమే ఉన్నాయి. అందుకే మచ్చ కడుతున్నంత కాలం అది మనకు ఏమీ చెప్పదు.

రక్తపరీక్షలో చూసే ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము మామూలుగానే ఉంది కాబట్టి బాగానే ఉన్నట్టు అనుకోవడం రెండో పొరపాటు. కొవ్వు కాలేయం ఉన్నవారిలో చాలామందికి అలాంటి ఎంజైములు ల్యాబు చెప్పే పరిధిలోనే ఉంటాయి. పైగా ల్యాబు కాగితం మీద 45 అనో 50 అనో వేసే పై హద్దులు, తమకు కొవ్వు కాలేయం ఉందని తెలియనివారిని కూడా కలుపుకుని లెక్కించినవి. అమెరికన్ వైద్యులు 2017లో ఇచ్చిన సూచన ప్రకారం ఎస్‌జీపీటీ స్త్రీలకు 25, పురుషులకు 33 దాటగానే దృష్టి పెట్టాలి.

మరి మచ్చ సంగతి తెలుసుకోవడం ఎలా? వెనకటి రోజుల్లో సూదితో కాలేయం ముక్క తీసి చూడటమే దారి. ఆ ముక్క మొత్తం కాలేయంలో యాభై వేలవ వంతు ఉంటుంది, పైగా నొప్పి, ఖర్చు, రక్తస్రావం భయం. ఇప్పుడు మొదటి మెట్టుగా ఫిబ్-4 అనే లెక్క వేస్తారు. కొత్త పరీక్ష ఏదీ అక్కర్లేదు. వయసును ఎస్‌జీఓటీ అనే ఇంకో ఎంజైము అంకెతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలలో తీసుకుని, దాన్ని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటి దాన్ని రెండో దానితో భాగించాలి. నా వయసు 47, ఎస్‌జీఓటీ 34, ఎస్‌జీపీటీ 46, ప్లేట్‌లెట్లు 2,61,000. లెక్క 0.90 వచ్చింది. 1.3 కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ, 2.67 దాటితే కాలేయ వైద్యుణ్ణి తప్పకుండా కలవాలి, మధ్యలో వస్తే తదుపరి పరీక్ష చేయించాలి. 65 ఏళ్లు దాటినవారికి కింది హద్దు 2.0 అని తీసుకుంటారు, ఎందుకంటే వయసే లెక్కను పెంచేస్తుంది. మరీ చిన్న వయసువారికి ఈ లెక్క సరిగా పనిచేయదు.

ఈ లెక్కలో ప్లేట్‌లెట్లకు ఏం పని అని నాకు మొదట అర్థం కాలేదు. కాలేయం గట్టిపడిన కొద్దీ దాని గుండా వెళ్లవలసిన రక్తానికి దారి మూసుకుపోయి, వెనకనున్న ప్లీహంలో ఒత్తిడి పెరిగి, అది ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలోనే ఆపేసుకుంటుంది. ప్లేట్‌లెట్లను తయారు చేయించే హార్మోను కూడా కాలేయంలోనే పుడుతుంది, అదీ తగ్గుతుంది. డెంగీ వచ్చినప్పుడు మాత్రమే మనం చూసుకునే ఆ అంకె, జ్వరం లేని మనిషిలో ఏళ్ల తరబడి మెల్లగా దిగుతూ ఉంటే, కాలేయం గురించి చెబుతున్నదేమోనని అనుమానించాలి.

నా లెక్క తక్కువగానే వచ్చినా, అమ్మ చరిత్ర, నా షుగరు అంచున ఉండటం చూసి వైద్యుడు కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ కూడా చేయించారు. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచేతిని తల కింద పెట్టుకోమని, పక్కటెముకల సందున పెన్నులాంటి పరికరం ఆనించారు. గోలీకాయను వేలితో కొట్టినట్టు చిన్న చిన్న దెబ్బలు, పది సార్లు తగిలాయి, నొప్పి లేదు. ఆ దెబ్బకు పుట్టిన కంపనం కాలేయంలో ఎంత వేగంగా పరుగెడుతుందో యంత్రం కొలుస్తుంది. కాలేయం ఎంత గట్టిగా ఉంటే అంత వేగం. ఆ గట్టిదనాన్ని కిలోపాస్కల్ లెక్కలో చెబుతారు, నాకు 5.8 వచ్చింది. 8 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, 12 దాటితే మచ్చ ముదిరినట్టు అనుమానించాలి. కొవ్వును చెప్పే రెండో అంకె 298, అది మాత్రం ఎక్కువే. కాలేయం ఇంకా మెత్తగానే ఉంది, బరువు మాత్రం మోస్తోంది. పది నిమిషాల్లో అయిపోయిన ఆ పరీక్ష తర్వాత ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను.

హైదరాబాదులో ఐటీ కంపెనీలో పనిచేసే మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు తేలిగ్గా, "అక్కా, నాకు రెండేళ్లుగా గ్రేడ్ 2 ఉందే. మా టీములో అందరికీ ఉంది" అన్నాడు. వాడి మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం వారు, ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉన్నట్టు తేలింది. గంటల తరబడి కూర్చోవడం, నిద్ర వేళలు తప్పడం, రాత్రి పొద్దుపోయాక బిర్యానీలు, శీతల పానీయాలు. అందరికీ ఉంది కాబట్టి మామూలే అనుకోవడం ఎంత తప్పో వాడికి చెప్పడానికి నాకు చాలా ఫోన్లు పట్టాయి. వాడు వారాంతాల్లో మద్యం పుచ్చుకుంటాడు. జీవక్రియ లోపమూ, మద్యమూ రెండూ కలిసినప్పుడు కాలేయానికి జరిగే నష్టం ఎక్కువ. కొత్త నామకరణంలో అలాంటివారికి వేరే వర్గమే ఏర్పాటు చేశారు. ఈ జబ్బు ఉన్నవారి మరణాలకు మొదటి కారణం కాలేయం కాదనీ, గుండెజబ్బనీ చెప్పినప్పుడు మాత్రం వాడు కాసేపు మాట్లాడలేదు.

మందుల గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతాను. మన దేశంలో సారోగ్లిటజార్ అనే మందుకు 2020లో ఈ జబ్బు ముదిరిన రూపానికి వాడేందుకు అనుమతి వచ్చింది. అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరోమ్, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్ అనే మందులు అనుమతి పొందాయి, అవి రెండూ మచ్చ రెండు, మూడు దశల్లో ఉన్నవారికి ఉద్దేశించినవి. నా లాంటి వారికి మందు రాయలేదు. మొదట ఇచ్చిన టానిక్కును కూడా ఆపించారు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు కాలేయాన్ని పాడుచేస్తాయని భయపడి మానేసేవారు మా చుట్టాల్లోనే ఉన్నారు. కొవ్వు కాలేయం ఉన్నవారికి అవి సురక్షితం, గుండెకు అవసరం కూడా. దానికి బదులు భయపడవలసింది, ఎవరో చెప్పారని రోజూ తాగే కషాయాల గురించి. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం వాచి ఆసుపత్రుల పాలైనవారి గురించి మన దేశపు వైద్యులే పత్రాలు ప్రచురించారు.

అసలు మందు బరువు తగ్గడమే. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, 10 శాతం తగ్గితే మచ్చ కూడా వెనక్కి మళ్లే అవకాశం ఉంది. 59 కిలోల నాకు 7 శాతం అంటే నాలుగు కిలోలు. ఆ నాలుగు కిలోలకు ఏడు నెలలు పట్టింది. తొందరపడి కడుపు మాడ్చుకుంటే పిత్తాశయంలో రాళ్లు పడతాయని వైద్యుడు ముందే హెచ్చరించారు. వంటింట్లో నూనె కొలత కొంచెం తగ్గింది కానీ, అసలు మార్పు అన్నంలో వచ్చింది. మన దేశంలో తినే శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి సర్వేలో తేలింది. మా ఇంట్లో అంతకంటే ఎక్కువే ఉండి ఉంటుంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం క్యారియరు నిండా అన్నం, సాయంత్రం టీతో నాలుగు బిస్కట్లు, రాత్రి మళ్లీ అన్నం. అందరూ తిన్నాక మిగిలిన కూర అడుగు, చారు, పచ్చడితో పెద్ద ముద్దలు తినేసి లేవడం మా ఇళ్లలో ఆడవాళ్లకు అలవాటు. పప్పు గిన్నె ఖాళీ అయ్యాకే మా వంతు వచ్చేది. ఇప్పుడు కంచంలో ముందు కూర, పప్పు పెట్టుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటున్నాను. పొద్దున ఎక్కువగా పెసరట్టు, గుగ్గిళ్లు. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే ఒరిగేది ఏమీ లేదని కూడా తెలుసుకున్నాను. చక్కెరకు బదులు బెల్లం అన్న నమ్మకాన్ని కూడా వదిలేశాను. రెండింటిలోనూ ఉన్నది ప్రధానంగా సుక్రోజే, అందులో సగం ఫ్రక్టోజు, అది ఎక్కువగా చేరేది కాలేయానికే. ఆత్రేయపురం పూతరేకులు మా ఇంటికి అరగంట దూరంలో దొరుకుతాయి. ఇప్పుడు పండక్కి ఒకటి తింటాను, బెల్లందైనా చక్కెరదైనా.

సాయంత్రాలు గోదావరి గట్టు మీద పుష్కరాల రేవు నుంచి మొదలుపెట్టి నలభై నిమిషాలు వేగంగా నడుస్తాను. వారంలో రెండు రోజులు ఇంట్లోనే కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామాలు చేస్తాను, ఎందుకంటే కండ పెరిగితేనే చక్కెర ఖర్చవుతుంది. బరువు తగ్గకపోయినా వ్యాయామం వల్ల కాలేయంలో కొవ్వు కొంత తగ్గుతుందని తెలిశాక, త్రాసు మీద అంకె కదలని వారాల్లో కూడా నడక మానలేదు.

2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బును కూడా షుగరు, బీపీ, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చి నింపే ఫారంలో నడుము కొలత అడిగేది ఊరికే కాదు. టేపుతో వచ్చిన అమ్మాయిని సిగ్గుపడి వెనక్కి పంపించే ముందు, ఆ కొలత అవసరం ఏమిటో మన ఇళ్లలో ఒకరికైనా తెలిసి ఉండాలి.

ఈ సెప్టెంబరులో మళ్లీ పరీక్షలు చేయించుకున్నాను. నడుము 82, హెచ్‌బీఏ1సీ 5.6, ట్రైగ్లిసరైడ్లు 141, ఫైబ్రోస్కాన్‌లో కొవ్వు అంకె 298 నుంచి 241కి దిగింది. ఆ రిపోర్టులు దాచడానికి బీరువా పై అర తీస్తే, అమ్మ ఫైలు కనబడింది. పదమూడేళ్లుగా విప్పని ఫైలు. 2010 నాటి కాగితాల అడుగున, 2004లో హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేయించిన రక్తపరీక్షలు ఉన్నాయి. అప్పటికి కాళ్ల వాపు లేదు, పొట్ట ఉబ్బు లేదు, అమ్మ మామూలుగానే తిరుగుతూ ఉండేది. అన్ని అంకెల ఎదురుగా టిక్కులు పెట్టి, కింద "శస్త్రచికిత్సకు యోగ్యురాలు" అన్న అర్థం వచ్చే ముద్ర వేసి ఉంది. వయసు 57. ఎస్‌జీఓటీ 52. ఎస్‌జీపీటీ 38. ప్లేట్‌లెట్లు 1,38,000.

బ్యాంకులో ఇరవై ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను, ఈ ఒక్క లెక్కకు మాత్రం చేయి వణికింది. 57ను 52తో గుణిస్తే 2964. 38 వర్గమూలం 6.16, దాన్ని 138తో గుణిస్తే 850. భాగిస్తే 3.48. జబ్బు బయటపడటానికి ఆరేళ్ల ముందే ఆ నాలుగు అంకెలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఎవరినీ నిందించడానికి లేదు. ఫిబ్-4 సూత్రం మొదటిసారి అచ్చయింది 2006లో, అది కూడా వేరే జబ్బు ఉన్నవారి కోసం.

అదే కాగితం వెనక వైపున అమ్మ లెక్క రాసి, దాని కింద నా లెక్క రాశాను. దాని కింద తమ్ముడి పేరు రాసి ఖాళీ వదిలాను. వాడు శనివారం రక్తం ఇస్తానన్నాడు.